కింద దురద, వాసన, తెల్లబట్ట మాటిమాటికీ వస్తుంటే ఏం చెయ్యాలి? ప్రోబయాటిక్ ఎప్పుడు, ఎలా వాడాలి?

గాజువాకలో మెడికల్ షాపులో కూర్చుంటాను కాబట్టి ఈ ప్రశ్న నాకు రోజూ వస్తుంది, కానీ ఎవరూ నేరుగా అడగరు. పక్కన మగవాళ్ళుంటే వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, ముందు ఒక పారాసిటమాల్ స్ట్రిప్పు అడిగి, ఆ తర్వాత గొంతు తగ్గించి "మేడమ్, అదే... కింద దురదకి ఏదైనా ఇవ్వండి, ఏదో ప్రోబయాటిక్ అంటన్నారు కదా, అది వాడితే పోతాదా" అంటారు. వెనక నలుగురు నిలబడి ఉంటే కౌంటర్ మీద ఇంత చెప్పడం కుదరదు, అందుకే మొత్తం ఇక్కడ రాసేస్తున్నాను.

ముందే తేల్చి చెప్పేస్తున్నా. ప్రోబయాటిక్ అంటే ఒంటికి మేలు చేసే సూక్ష్మజీవుల్ని బతికుండగా నింపి అమ్మే క్యాప్సూలో పొడో. ఇప్పుడు దురదో వాసనో మంటో ఉంటే ప్రోబయాటిక్ దానికి మందు కాదు. సరైన మందు వాడి తగ్గాక, మళ్ళీ తిరగబెట్టకుండా కొంతమందికి కొంత సాయం చెయ్యొచ్చు, అంతే. ఎక్కువ పని చేసేవి అలవాట్లే, కాకపోతే అవి ఫ్రీగా వస్తాయి కాబట్టి వాటి మీద ఎవరికీ నమ్మకం కుదరదు.

థియరీ ఒక్క ముక్క. యోని లోపల లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా ఉంటుంది, అది లాక్టిక్ యాసిడ్ తయారుచేస్తూ లోపలంతా పుల్లగా ఉంచుతుంది, పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) మామూలుగా 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది. ఆ పులుపు ఉన్నంతకాలం చెడ్డవి పెద్దగా పెరగలేవు. సబ్బు లోపలికి పోనిచ్చినా, అవసరం లేకుండా యాంటీబయాటిక్ మింగినా ఆ పులుపు పోతుంది. మెనోపాజ్ (పీరియడ్లు పూర్తిగా ఆగిపోవడం) తర్వాత ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గడం వల్ల కూడా పోతుంది, అది మీ తప్పేం కాదు.

కావాల్సినవి

- కాటన్ ప్యాంటీలు, రోజుకి రెండు మార్చుకోగలిగినన్ని
- ఇంట్లో తోడేసిన పెరుగు
- ఒక క్యాలెండరు, లేకపోతే ఫోన్‌లో నోట్స్
- కావాలంటే పీహెచ్ స్ట్రిప్పులు (లేకపోయినా నడుస్తుంది)
- ప్రోబయాటిక్ క్యాప్సూళ్ళు. కానీ ఇవి ఇప్పుడే కొనకండి, ఆరో స్టెప్పు దాకా చదివి అప్పుడు డిసైడ్ అవ్వండి

స్టెప్ 1: అసలు అదేంటో చూసుకోండి

తెల్లబట్ట కనిపించగానే జబ్బు అనుకోవద్దు. పీరియడ్ అయిన వెంటనే తక్కువగా ఉంటుంది, నెల మధ్యలో కోడిగుడ్డు తెల్లసొనలాగా సాగుతూ వస్తుంది, తర్వాత కాస్త చిక్కబడుతుంది. ప్యాంటీ మీద ఆరితే లేత పసుపు మరక పడడం కూడా మామూలే. "వేడి చేసింది" అని సబ్జా నీళ్ళు, బార్లీ నీళ్ళు తాగించేస్తారు ఇళ్ళల్లో, తాగితే నష్టం లేదు గానీ తగ్గించడానికి అక్కడ జబ్బే లేదు.

మారిందేంటో గమనించండి:

పెరుగు విరిగినట్టు తెల్లగా ముద్దలుగా వచ్చి, విపరీతంగా దురద, మంట ఉండి, వాసన పెద్దగా లేకపోతే అది ఎక్కువగా ఫంగస్, అంటే క్యాండిడా. యాంటీబయాటిక్ కోర్సు తర్వాత, షుగరు ఉన్నవాళ్ళకి, గర్భంతో ఉన్నవాళ్ళకి ఎక్కువ వస్తుంది.

పల్చగా, బూడిదరంగులో వచ్చి, చేపల వాసన కొడుతూ (భర్తతో కలిసిన తర్వాత ఆ వాసన ఇంకా ఎక్కువవుతుంది), దురద పెద్దగా లేకపోతే అది బ్యాక్టీరియల్ వాజినోసిస్ అయ్యుండొచ్చు, డాక్టర్లు బీవీ అంటారు. మంచి బ్యాక్టీరియా తగ్గిపోయి వేరేవి పెరిగిపోవడమే ఇది. ప్రోబయాటిక్ గురించి మాట్లాడుకోవాల్సింది ముఖ్యంగా దీని విషయంలోనే.

పసుపుపచ్చగా, ఆకుపచ్చగా, నురగతో వస్తే ట్రైకోమోనాస్ అయ్యే ఛాన్సుంది, ఇది కలయిక వల్ల వచ్చేది, భార్యాభర్తలిద్దరూ మందు వాడాలి, ఒక్కరు వాడితే మళ్ళీ మొదటికొస్తుంది.

జాగ్రత్త: జ్వరం, పొత్తికడుపు నొప్పి, పుండ్లు, పొక్కులు, పీరియడ్ కాని రోజుల్లో రక్తం, మెనోపాజ్ అయ్యాక ఎంత కొంచెం రక్తమైనా, గర్భంతో ఉండగా నీళ్ళలాగా కారడం, ఒంటేలుకి వెళ్తే మంటతో పాటు నడుం పక్కన నొప్పి. వీటిల్లో ఏది ఉన్నా ఇక్కడితో చదవడం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇంకా పెద్దమనిషి కాని పాపకి డిశ్చార్జ్ కనిపించినా అంతే, ఇంట్లో ప్రయోగాలొద్దు.

పీహెచ్ స్ట్రిప్ వాడేవాళ్ళు చేతులు కడుక్కుని, స్ట్రిప్‌ని యోని లోపలి గోడకి కొన్ని సెకన్లు ఆనించి రంగు పోల్చుకోండి. పీరియడ్ టైములో గానీ, కలిసిన తర్వాత రెండు రోజుల్లోపు గానీ చూడొద్దు, రక్తం, వీర్యం రెండూ రీడింగ్ పెంచేస్తాయి. 4.5 దాటితే బీవీ, ట్రైకో వైపు అనుమానం. నార్మల్ వచ్చింది కదా అని ఊరుకోకండి, ఫంగస్‌లో పీహెచ్ మామూలుగానే ఉంటుంది. మెనోపాజ్ దాటినవాళ్ళకి ఎలాగూ ఎక్కువే చూపిస్తుంది, వాళ్ళకి ఈ స్ట్రిప్పు దండగ.

స్టెప్ 2: లోపల కడగడం మానండి

యోని తనని తనే శుభ్రం చేసుకుంటుంది, మీరు లోపల వేలు పెట్టి కడగక్కర్లేదు, జెట్ స్ప్రేని నేరుగా లోపలికి కొట్టక్కర్లేదు. బయట భాగం మాత్రం మామూలు నీళ్ళతో, రోజుకి ఒకటి రెండుసార్లు. సబ్బు తప్పదు అనిపిస్తే వాసన లేని మైల్డ్‌ది, బయట చర్మం వరకే.

డెట్టాల్ నీళ్ళు, నిమ్మరసం, వేపాకు కషాయం, వెనిగర్, బేకింగ్ సోడా ఇవేవీ లోపలికి వద్దు. వాసన వస్తుందని రోజుకి నాలుగుసార్లు కడిగేవాళ్ళు నాకు చాలామంది తెలుసు, కడిగేకొద్దీ మంచి బ్యాక్టీరియా కొట్టుకుపోయి వాసన ఇంకా పెరుగుతుంది, అది పెరిగిందని ఇంకోసారి కడుగుతారు. ఇంటిమేట్ వాష్ అని అమ్మేవి మా షాపులోనూ ఉన్నాయి, బాగానే పోతాయి. ఎవరైనా నిజంగా అడిగితే అక్కర్లేదనే చెప్తాను. కొన్నారంటే బయటికే వాడండి, సెంటు వాసన ఎక్కువున్నది తీసుకోకండి.

పెరుగుని లోపల పెట్టుకోవడం, వెల్లుల్లి రెబ్బ పెట్టుకోవడం వీడియోల్లో చూసి అడుగుతున్నారు. వద్దు. పెరుగులో ఉండే బ్యాక్టీరియా యోనిలో ఉండే రకం కాదు, పైగా ఏం కలిసిందో తెలియని పదార్థం లోపల పెట్టి కొత్త ఇన్ఫెక్షన్ తెచ్చుకోవడమే అవుతుంది. వెల్లుల్లి అయితే లోపల చర్మం కాలిపోతుంది.

స్టెప్ 3: తడి ఉండనివ్వకండి

వైజాగ్‌లో ఉండేవాళ్ళకి ఇదే అసలు స్టెప్పు. సముద్రం గాలి, ఉక్కపోత, ఏప్రిల్ మే నెలల్లో స్నానం చేసి చీర కట్టుకునేలోపే మళ్ళీ చెమట. గజ్జల్లో తడి నిలబడితే ఫంగస్‌కి అంతకన్నా ఏం కావాలి.

స్నానం అయ్యాక పొడి కాటన్ గుడ్డతో అద్దుకోండి, రుద్దకండి. ప్యాంటీ కాటన్‌ది, కాస్త వదులుగా. ఆఫీసుకో ఫ్యాక్టరీకో వెళ్ళేవాళ్ళు బ్యాగులో ఇంకోటి పెట్టుకుని మధ్యాహ్నం మార్చుకుంటే ఎంత తేడా వస్తుందో ఒక నెల చేసి చూడండి. రాత్రి నైటీ లోపల ప్యాంటీ లేకుండా పడుకోవడం మంచిది, గాలి ఆడుతుంది. టైట్ జీన్స్, నైలాన్ లెగ్గింగ్స్ రోజంతా కాకుండా బయటికి వెళ్ళినప్పుడే వేసుకోండి. రోజూ ప్యాంటీ లైనర్ పెట్టుకునే అలవాటుంటే మానుకోండి, అది తడిని పట్టి ఉంచుతుంది.

ఆరేయడం దగ్గర అందరూ పొరపాటు చేస్తారు. సిగ్గుపడి ప్యాంటీలని చీర కిందో టవల్ కిందో దాచి ఆరేస్తారు, ఎండ తగలదు, గాలి ఆడదు, సాయంత్రానికి చూస్తే నడుం పట్టీ దగ్గర, కింద మడత దగ్గర ఇంకా చల్లగానే ఉంటాయి, అలాగే మడిచి బీరువాలో పెట్టేస్తారు. డాబా మీద ఎండలో విడిగా ఆరేయండి, ఎవరైనా చూస్తే చూడనివ్వండి. వానాకాలంలో, అక్టోబరు నవంబరు తుఫాను రోజుల్లో ఆరకపోతే ఫ్యాన్ కింద ఆరేసి, కాటన్‌వి అయితే లోపలివైపు తిప్పి ఇస్త్రీ చేసి వేసుకోండి. సర్ఫ్ నురగ పూర్తిగా పోయేదాకా జాడించండి, కంఫర్ట్ లాంటి సెంటు లిక్విడ్లు వీటికి వెయ్యకండి. కొంతమందికి దురద మొత్తం ఆ సర్ఫ్ వల్లే.

ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో నీళ్ళలో ఆడి, ఆ తడి బట్టలతోనే ఇసుకతో సహా బస్సెక్కి ఇంటికెళ్ళేవాళ్ళు ఒక జత తీసుకెళ్ళండి. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, ఆషాఢంలో వాన పడనే పడుతుంది, తడిసి నడిస్తే తొడలు రాసుకుని పుండు పడుతుంది. నడక ముందు తొడల మధ్య కొంచెం వాజలిన్ రాసుకుని, అయిపోగానే బట్టలు మార్చేయండి.

స్టెప్ 4: టాయిలెట్, ప్యాడ్, కలయిక

కడుక్కునేటప్పుడు, తుడుచుకునేటప్పుడు చెయ్యి ముందునుంచి వెనక్కే పోవాలి, వెనకనుంచి ముందుకి కాదు. చిన్నప్పుడే పిల్లలకి నేర్పించండి.

ఒంటేలు ఆపుకోకండి. దువ్వాడ సెజ్‌లో, అచ్యుతాపురం గార్మెంట్ లైన్లలో పనిచేసే అమ్మాయిలు బ్రేక్ దొరకదని నీళ్ళే తాగడం మానేస్తారు, షాపుల్లో సేల్స్ గర్ల్స్ కూడా అంతే, టాయిలెట్ ఉండదు. దానివల్ల వచ్చేది యూరిన్ ఇన్ఫెక్షన్, దానికి ప్రోబయాటిక్ కొనుక్కుని వాడుతుంటారు, రెండూ వేరు. నీళ్ళు తాగండి, రెండు మూడు గంటలకోసారి వెళ్ళండి, కలిసిన తర్వాత ఒకసారి వెళ్ళిరండి.

ప్యాడ్ నిండినా నిండకపోయినా నాలుగు నుంచి ఆరు గంటలకి మార్చాలి. గుడ్డ వాడితే ఉతికి ఎండలో ఆరేయాలి. మెన్‌స్ట్రువల్ కప్పు 12 గంటలకి మించి ఉంచకూడదు, ప్రతి పీరియడ్ తర్వాత మరిగే నీళ్ళలో వెయ్యాలి. సెంటు ప్యాడ్లు వద్దు.

బీవీ మాటిమాటికీ వస్తుంటే కండోమ్ వాడి చూడండి, కొంతమందికి తగ్గుతుంది. 2025లో ఆస్ట్రేలియా పరిశోధన ఒకటి వచ్చింది, భర్తకి కూడా మాత్రలు, పైన రాసే క్రీము ఇస్తే భార్యకి తిరగబెట్టడం బాగా తగ్గిందని. ఈ సంగతి డాక్టరుతో అడగండి, భర్త "నాకేం లేదు కదా" అంటాడు, అనడం మామూలే, అయినా అడగండి. ఇంకోటి, కండోమ్‌తో కొబ్బరినూనె వాడకండి, చిరిగిపోతుంది.

స్టెప్ 5: తిండితో మొదలుపెట్టండి

రోజూ రెండుపూటలా పెరుగో మజ్జిగో తీసుకోండి. పాలు కాచి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలే వేడిలో తోడు వెయ్యాలి, మరీ వేడి మీద వేస్తే తోడు చచ్చిపోతుంది. ప్యాకెట్ పెరుగైనా పర్లేదు, డేటు చూసుకోండి. మజ్జిగపులుసు కాచేస్తే రుచి ఉంటుంది గానీ బ్యాక్టీరియా బతకదు. ఇడ్లీ, దోసె పిండి పులిసినా ఆవిరికి, పెనం మీద చచ్చిపోతుంది. చోడి (రాగి) అంబలి కూడా కాస్తాం కాబట్టి అంతే, చల్లారాక మజ్జిగ కలుపుకుంటే ఆ మజ్జిగలోవి దొరుకుతాయి. తరవాణి అన్నం (పులిసిన గంజిలో నానబెట్టింది) ఇంట్లో అలవాటుంటే మానకండి, కుండ, నీళ్ళు శుభ్రంగా ఉండాలి. ఆవకాయ ఈ లెక్కలోకి రాదు.

ఇవన్నీ పేగులకి మంచివి. పెరుగు తింటే బీవీ పోతుందని మాత్రం నేను చెప్పను. చిన్న సీసాల్లో వచ్చే తియ్యటి ప్రోబయాటిక్ డ్రింకుల్లో పంచదార ఉంటుంది, షుగరు ఉన్నవాళ్ళు లేబుల్ చూడండి. అసలు ఫంగస్ ఏడాదిలో మూడు నాలుగుసార్లు వచ్చిందంటే పెరుగు సంగతి తర్వాత, ముందు షుగర్ టెస్టు చేయించండి. షుగరుందని ఈ దురదతోనే బయటపడినవాళ్ళున్నారు.

స్టెప్ 6: క్యాప్సూల్ కొనేముందు లేబుల్ చదవండి

"ప్రోబయాటిక్ ఇవ్వండి" అంటే షాపువాడు విరేచనాలకి వాడేది చేతిలో పెడతాడు. బాసిల్లస్ క్లాసై అని చిన్న ప్లాస్టిక్ ట్యూబుల్లో తాగేది, సాకరోమైసిస్ బౌలార్డీ అని పొడి ప్యాకెట్, ఇవి కడుపు కోసం. రెండోది అసలు బ్యాక్టీరియానే కాదు, ఈస్ట్ అనే ఒక రకం ఫంగస్. మీకు కావాల్సింది లాక్టోబాసిల్లస్ రకం. పేరు మూడు ముక్కలుగా పూర్తిగా రాసి ఉండాలి, ఉదాహరణకి లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీఆర్-1, లాక్టోబాసిల్లస్ రూటరీ ఆర్‌సీ-14. ఈ రెండింటి జంట మీద పరీక్షలు జరిగాయి, కొన్నిట్లో ఫలితం కనిపించింది, కొన్నిట్లో లేదు. చివరి కోడు లేకుండా ఉత్త "లాక్టోబాసిల్లస్ మిశ్రమం" అని ఉంటే పక్కన పెట్టండి.

ఎన్ని బ్యాక్టీరియా ఉన్నాయో సీఎఫ్‌యూ అని రాస్తారు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార పదార్థాలకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) లెక్క ప్రకారం ప్రోబయాటిక్ అని అమ్మాలంటే రోజు మోతాదులో కనీసం 10 కోట్లు బతికున్నవి ఉండాలి. ఆ లెక్క తయారైన రోజుదా, ఎక్స్‌పైరీ దాకా ఉండేదా చూడండి. ఫ్రిజ్‌లో పెట్టాలని రాసి ఉంటే షాపులో కూడా ఫ్రిజ్‌లోంచే తీసి ఇవ్వాలి, మే నెలలో అరలోంచి తీసిచ్చింది తీసుకోకండి. స్కూటీ డిక్కీలో పెట్టుకుని పూర్ణా మార్కెట్ అంతా తిరిగి ఇంటికెళ్తే ఆ డబ్బులు ఎండలో పోసినట్టే.

ఎప్పుడు మొదలుపెట్టాలి? ఇన్ఫెక్షన్‌కి డాక్టరు రాసిన కోర్సు వాడుతుండగా గానీ, అయిపోయాక గానీ. యాంటీబయాటిక్‌కి దీనికి కనీసం రెండు గంటల గ్యాప్. రెండు మూడు నెలలు చూడండి, తేడా లేకపోతే ఆపేయండి, ఏడాది పొడుగునా కొనిపెట్టడానికి ఖర్చు తక్కువేం కాదు. మొదటి వారం గ్యాస్, ఉబ్బరం ఉండొచ్చు. క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గించే మందుల మీద ఉన్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా వాడకూడదు. గర్భిణులు కూడా అడిగే వాడాలి.

లోపల పెట్టుకునే రకం గురించి ఒక మాట. 2020లో అమెరికాలో 228 మంది మీద ఒక ట్రయల్ ఫలితం వచ్చింది, ముందు మెట్రోనిడజోల్ జెల్‌తో బీవీ తగ్గించి, తర్వాత లాక్టోబాసిల్లస్ క్రిస్పాటస్ అనే రకాన్ని యోనిలో పెట్టారు. 12 వారాలకి అది వాడినవాళ్ళలో 30 శాతం మందికి, ఉత్తుత్తి పొడి వాడినవాళ్ళలో 45 శాతం మందికి తిరగబెట్టింది. అంటే మంచిగా పనిచేసిన చోట కూడా పదిమందిలో ముగ్గురికి మళ్ళీ వచ్చింది, పైగా ముందు మందు వాడాకే. మనం మింగే క్యాప్సూల్ అది కాదు.

స్టెప్ 7: పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది

"ఏదో బాగున్నట్టుంది" అనేది లెక్క కాదు. క్యాలెండరులో రోజుకి ఒక లైను రాయండి: పీరియడ్ ఎన్నో రోజు, డిశ్చార్జ్ రంగు, వాసన ఉందా లేదా, దురదకి సున్నా నుంచి మూడు మార్కులు, ఆ రోజు ఏ మందు వాడారు. మూడు పీరియడ్లు దాటాక వెనక్కి తిప్పి చూడండి. వాసన రోజులు తగ్గాయా? పీరియడ్ అయిన వెంటనే వచ్చేది ఆగిందా? ఒకేసారి అన్నీ మార్చేస్తే ఏది పనిచేసిందో తెలీదు కాబట్టి మొదటి నెల అలవాట్లు, రెండో నెల నుంచి కావాలంటే క్యాప్సూల్.

ఫంగస్ మందు వాడితే రెండు మూడు రోజుల్లో దురద తగ్గుముఖం పట్టాలి. వారం దాటినా అలాగే ఉందంటే అది ఫంగస్ కాదేమో, మళ్ళీ అదే క్రీము కొనకండి.

ఎక్కువమంది చేసే తప్పులు

మూడు మందుల కిట్ అడగడం. అజిత్రోమైసిన్, సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ (ఫంగస్ మందు ఇదొక్కటే) కలిపి ఒకే ప్యాకెట్‌లో వస్తుంది, పక్కింటావిడ వాడిందట, తగ్గిందట. మీకు ఫంగస్ మాత్రమే ఉంటే మిగతా రెండూ దండగ, దండగ కూడా కాదు, యాంటీబయాటిక్ పడ్డాక ఫంగస్ ఇంకోసారి వచ్చే ఛాన్సు పెరుగుతుంది. చీటీ లేకుండా ఇవ్వకూడనివి అవి.

గజ్జల్లో దురదకి స్టెరాయిడ్ కలిపిన క్రీము రాయడం. రాసిన రోజు హాయిగా ఉంటుంది, రెండు నెలలకి చర్మం పల్చబడి, తామర తొడలంతా పాకి వస్తారు. ట్యూబు మీద క్లోబెటసాల్, బెక్లోమెథసోన్ లాంటి పేర్లుంటే సొంతంగా రాయకండి.

దురద తగ్గగానే కోర్సు మధ్యలో ఆపేయడం. బీవీకి ఏడు రోజుల మాత్రలు ఇస్తే ఏడు రోజులూ వాడాలి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు

ప్రైవేటుకి డబ్బులు లేవని ఆగకండి. వైజాగ్ కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి) గైనిక్ ఓపీ ఉంది, పాత ఊళ్ళో ఘోషాసుపత్రి (అదే ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రి) ఆడవాళ్ళ కోసమే. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది, ఈ సమస్యలకే, పరీక్ష, మందులు ఫ్రీ.

వెళ్ళే ముందు రోజు క్రీము గానీ లోపల పెట్టే మాత్ర గానీ వాడకండి, కడగకండి, కలయిక వద్దు, లేకపోతే శాంపిల్‌లో ఏమీ దొరకదు. వాడిన మందుల ఖాళీ స్ట్రిప్పులు, ఆ క్యాలెండరు తీసుకెళ్ళండి. లోపలికి వెళ్ళాక "వైట్ డిశ్చార్జ్ అండీ" అని ఆపేస్తే డాక్టరమ్మ కూడా గబగబా రాసి పంపేస్తుంది. రంగు, వాసన, ఎన్నాళ్ళనుంచి, ఏడాదిలో ఎన్నోసారి అన్నీ చెప్పి "స్వాబ్ తీసి చూస్తారా" (అంటే దూదిపుల్లతో శాంపిల్ తీసి పరీక్షించడం) అని అడగండి. పీరియడ్ తప్పిందేమో, గర్భం ఉందేమో అని కొంచెం డౌటున్నా ముందే చెప్పాలి, ఫ్లూకోనజోల్ మాత్ర అప్పుడు ఇవ్వరు, పైపూతో లోపల పెట్టేదో రాస్తారు.